కానుక సంచి నుంచి బ్యాంకు దాకా: చర్చి చందాల లెక్క చట్టానికి నిలిచేలా

గోదావరి డెల్టాలో చర్చి సంఘానికి డబ్బు ఏడాది పొడుగునా ఒకేలా రాదు. సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక కోత పండుగ, ఆ వెనకే క్రిస్మస్. దాళ్వా (రబీ) ధాన్యం అమ్ముడయ్యాక వేసవిలో ఇంకో ఊపు. మధ్యలో ఎవరి రొయ్యల చెరువైనా బాగా పట్టుబడితే ఆ వారం దశమభాగం (రాబడిలో పదో వంతు) కవరు బరువుగా ఉంటుంది. మిగతా ఆదివారాలన్నీ పది నోట్లు, ఇరవై నోట్లు, ఫోన్‌పే మోతలే. వీటికి తోడు గుప్పెడు బియ్యం, కొబ్బరికాయలు, అరటి గెలలు, నాటుకోళ్ళు. ఇన్ని రూపాల్లో వచ్చినదాన్ని ఒకే పద్దు కింద ‘కానుకలు’ అని రాసి ఊరుకోవడంతోనే చిక్కులు మొదలవుతాయి. ఎంత వచ్చిందన్నదాని మీద చట్టానికి పెద్ద పట్టింపు లేదు. ఎవరి పేరున వచ్చింది, దేనికని ఇచ్చారు, ఎటు పోయింది అని మాత్రం గట్టిగా అడుగుతుంది.

గుళ్ళ హుండీలకు దేవాదాయ శాఖ ఉన్నట్టు చర్చి కానుకల మీద పెత్తనం చేసే శాఖ మన రాష్ట్రంలో లేదు. మత సంస్థ తన వ్యవహారాలు తానే చూసుకునే హక్కు రాజ్యాంగం 26వ అధికరణంలో ఉంది. అందుకని ‘మనల్ని అడిగేవాడెవడు’ అనుకునే పెద్దలు చాలామంది. అడిగేవాళ్ళు వేరే దారుల్లో వస్తారు: ఆదాయపు పన్ను శాఖ, విదేశీ విరాళాల చట్టం చూసే కేంద్ర హోం శాఖ, సొసైటీల రిజిస్ట్రారు, సంఘం రెండుగా చీలిన రోజున పోలీసు స్టేషన్. ఆఖరిదే ఎక్కువగా జరిగేది.

ఒక మాట ముందే. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అసలు సూత్రాలు చాలావరకు అవే గాని సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారాయి. కింద పాత నంబర్లే వాడాం, ఎందుకంటే మీ దగ్గరున్న రిజిస్ట్రేషన్ కాగితాల మీదా ఆడిటర్ల నోటా ఉన్నవి అవే. కొత్తగా దరఖాస్తు పెట్టేటప్పుడు కొత్త నంబరేదో ఆడిటర్ని అడగండి.

ముందు సంఘానికి సొంత పేరు ఉండాలి

లూథరన్, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కథోలిక సంఘాల్లో స్థానిక మందిరం సాధారణంగా సినడ్ లేదా డయాసిస్ అనే పై పాలక సంస్థ కింద నడుస్తుంది. పాన్, రిజిస్ట్రేషన్ పైవాళ్ళవే. అక్కడ స్థానిక కమిటీ చేయాల్సింది లెక్క సరిగ్గా రాసి పైకి పంపడం. వాళ్ళకు తెలియకుండా వేరే ఖాతా తెరవడం తప్పు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం స్వతంత్ర సంఘాలకు పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ అన్నీ సొంతంగానే కట్టుకోవాలి.

దారులు రెండు. ఒకటి, 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ. కనీసం ఏడుగురు సభ్యులు, ఉద్దేశాల పత్రం, బైలాస్‌తో జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కమిటీ జాబితా దాఖలు చేస్తుండాలి. రెండోది, సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేసిన ట్రస్టు దస్తావేజు. సంఘం పెద్దదై, పెద్దలు మారుతూ ఉంటే సొసైటీయే మేలు. ట్రస్టు దస్తావేజు తేలిగ్గా అయిపోతుంది గాని, అందులో పాస్టరు గారు, అమ్మగారు (ఆయన భార్య), వాళ్ళబ్బాయి ముగ్గురే ట్రస్టీలుగా ఉన్న కాగితాలు కోకొల్లలు. అలాంటి ట్రస్టు చట్టవిరుద్ధం కాకపోయినా, పన్ను శాఖ మొదటి ప్రశ్న అక్కడే వేస్తుంది. ట్రస్టీలకూ వాళ్ళ బంధువులకూ సంస్థ డబ్బుతో మేలు జరిగితే ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ కింద పన్ను మినహాయింపుకే ముప్పు. చేసిన పనికి తగిన జీతం ఇవ్వడం మాత్రం తప్పు కాదు. ఆ జీతమెంతో కమిటీ తీర్మానంలో రాసి ఉండాలి.

దస్తావేజులో గాని బైలాస్‌లో గాని మూడు వాక్యాలు తప్పనిసరిగా చూసుకోండి: ఆదాయమంతా సంస్థ ఉద్దేశాలకే ఖర్చవుతుందని, సభ్యులకు లాభం పంచరని, సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి అలాంటి ఉద్దేశాలున్న ఇంకో సంస్థకే పోతుందని. ఇవి లేక దరఖాస్తులు వెనక్కి వస్తుంటాయి.

తర్వాత సంఘం పేరున పాన్, ఆ పాన్‌తో బ్యాంకు ఖాతా, ఆపైన పన్ను మినహాయింపు కోసం ఆదాయపు పన్ను చట్టం 12ఏబీ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్. కొత్త సంస్థకు మొదట మూడేళ్ళ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఆ తర్వాతి రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకు. గత రెండేళ్ళలోనూ ఏడాది ఆదాయం ఐదు కోట్లు దాటని సంస్థలకు 2025 ఏప్రిల్ నుంచి పెట్టే దరఖాస్తులకు పదేళ్ళు. ఈ రిజిస్ట్రేషన్ లేకుండా ‘కానుకలకు పన్ను ఉండదు’ అనుకోవడం డెల్టా అంతటా ఉన్న భ్రమ. మత సంస్థకు వచ్చే స్వచ్ఛంద విరాళాలు చట్టం దృష్టిలో ఆదాయమే, మినహాయింపు రిజిస్ట్రేషన్‌తో వస్తుంది.

పాస్టరు గారి ఫోన్‌పే స్కానరు

మందిరం గోడకు, కానుక పెట్టె మూతకు అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడండి. పాస్టరు గారి పేరో ట్రెజరరు పేరో కనబడితే ఈ వారమే తీసేయండి. ఆ డబ్బు చట్టం దృష్టిలో ఆయనకు వచ్చినట్టు. బంధువులు కానివారి నుంచి ఒక ఏడాదిలో ఉచితంగా వచ్చిన సొమ్ము మొత్తం 50,000 రూపాయలు దాటితే, దాటిన ముక్కకే కాదు, మొత్తానికీ ఆయన చేతిలో పన్ను పడుతుంది. అది సంఘం డబ్బేనని తర్వాత రుజువు చేయడం కష్టం. పైగా ఆయన కాలం చేస్తే ఆ ఖాతాలోని డబ్బు వారసులకు పోతుంది, సంఘానికి కాదు. సంఘం పేరున కరెంటు లేదా సేవింగ్స్ ఖాతా, దానికే క్యూఆర్, చెక్కుల మీద ఇద్దరి సంతకాలు. తీర్మానం కాపీ, రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, కమిటీ సభ్యుల ఆధార్ పట్టుకెళితే బ్యాంకులో పని అవుతుంది.

పాస్టరు గారికే అని ఇచ్చే ప్రేమకానుక వేరు. దాన్ని వేరే కవరులో, ఆయన చేతికే ఇవ్వాలి. సంఘం లెక్కలో కలపకూడదు. అది ఆయన వ్యక్తిగత లెక్క, ఆయన సొంత రిటర్నులో చూపుకోవాలి. శిష్యులు ప్రేమతో ఇచ్చిన బహుమానమైనా, బోధనను వృత్తిగా చేసుకున్నవారికి అది ఆదాయమేనని 1950ల చివర్లోనే సుప్రీంకోర్టు ఒక వేదాంత బోధకుడి కేసులో చెప్పింది.

ఆదివారం లెక్కింపు

ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, అందరికీ కనబడే బల్ల మీద లెక్కపెట్టాలి. ఇంటికి తీసుకెళ్ళి లెక్కపెట్టే పద్ధతి ఎంత నమ్మకస్తుడి ఇంట్లోనైనా సరే మానేయండి. ఇద్దరు ఉండాలి, వాళ్ళు ఒకే కుటుంబం కాకూడదు, ట్రెజరరు వాళ్ళలో ఒకరు కాకుండా ఉంటే ఇంకా మంచిది. వారం వారం జంట మారుతుండాలి.

లెక్కింపు చీటీ ఒక ఎ4 కాగితంలో సగం చాలు. పైన తేదీ, ఏ ఆరాధన. కింద 500, 200, 100, 50, 20, 10 నోట్లు ఎన్నేసి, చిల్లర ఎంత, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. సంచిలో పడ్డది, కవర్లలో వచ్చింది, గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చింది వేర్వేరు వరుసల్లో. కొట్టివేతలుంటే ఇద్దరూ పక్కన సంతకం పెట్టాలి. దిద్దుడు ఇంకు అసలు వాడొద్దు. రెండు ప్రతులు: ఒకటి డబ్బుతో ట్రెజరరుకు, ఇంకోటి కార్యదర్శి ఫైల్లో. సోమవారం బ్యాంకులో కట్టి, కౌంటర్ ఫాయిల్ చీటీకి పిన్ను చేయాలి.

ఇక్కడ మామూలుగా జరిగే తప్పు, సంచిలోంచే ఖర్చు పెట్టేయడం. ‘కరెంటు బిల్లు 1,840 కట్టేశాం, మిగతాది బ్యాంకులో వేశాం’ అంటారు. అప్పుడు చీటీ మొత్తానికీ బ్యాంకు జమకూ పొంతన కుదరదు, ఆడిటరు ఆ వారాన్ని పక్కన పెట్టి ప్రశ్నలు మొదలెడతాడు. వచ్చినదంతా ముందు జమ. చిల్లర ఖర్చులకు నెలకు ఇంత అని బ్యాంకు నుంచి తీసి, విడిగా చిల్లర పద్దు పుస్తకం పెట్టుకోండి.

సంచిలో పడేదానికి పేరుండదు. ఇది తప్పా? కేవలం మతపరమైన ఉద్దేశాలతో ఏర్పడ్డ సంస్థకు పేరు లేని కానుకల మీద ఆదాయపు పన్ను చట్టం 115బీబీసీ సెక్షన్ కింది 30 శాతం పన్ను వర్తించదు. మతపరమైన పనితో పాటు దాతృత్వ పనులు కూడా ఉన్న సంస్థకూ సాధారణ కానుకల వరకు ఇబ్బంది లేదు. కానీ ‘ఇది మన స్కూలుకి’, ‘ఇది ఆసుపత్రికి’ అని ప్రత్యేకంగా చెప్పి పేరు లేకుండా ఇస్తే పన్ను పడుతుంది. మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఈ రెండిట్లో ఏది ఎక్కువో దానికి పైబడ్డ మొత్తం మీద. ఏడాది విరాళాలు 20 లక్షలనుకుందాం, అందులో స్కూలుకని పేరు లేకుండా వచ్చింది 4 లక్షలు. 5 శాతమన్నా లక్షే, కాబట్టి మిగిలిన 3 లక్షల మీద 30 శాతం, అంటే 90,000, సెస్సు అదనం. స్కూలు పెట్టెను మందిరం గుమ్మంలో పెట్టకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

పేరు రాయొద్దని అడిగేవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. క్రైస్తవులని తేలితే ఎస్సీ కుల ధ్రువపత్రం పోతుందన్న భయం దాని వెనక ఉంటుందని అందరికీ తెలుసు. వాళ్ళను రసీదు తీసుకోమని బలవంతపెట్టనక్కర్లేదు, సంచిలో వేయమనండి. అలాగని దొంగ పేరుతో రసీదు రాయడం మాత్రం కూడదు. ‘ఒక విశ్వాసి’ అని రాసిన 40 రసీదుల కంటే సంచి లెక్క చీటీ ఒక్కటి ఎక్కువ నిలబడుతుంది. ఇక ఇచ్చినవాళ్ళ జాబితాను అంకెలతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఎవరికీ మేలు చేయదు.

రసీదు మీద ఏముండాలి, ఏముండకూడదు

ముద్రించిన వరుస నంబరు, సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్, తేదీ, ఇచ్చినవారి పేరు, చిరునామా, వాళ్ళిస్తే పాన్ లేదా ఆధార్ నంబరు, మొత్తం, నగదా యూపీఐయా చెక్కా, యూపీఐ అయితే లావాదేవీ నంబరు, ఏ పద్దుకో. పద్దులు నాలుగైదు ముందే అచ్చు వేయించి టిక్కు పెట్టేలా ఉంచండి: సాధారణ కానుక, దశమభాగం, భవన నిధి, బీదల నిధి, కోత పండుగ. పాడైన రసీదును చింపి పారేయకుండా రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉంచి అడ్డంగా ‘రద్దు’ అని రాయాలి. క్రిస్మస్ కేరల్స్‌కు ఇంటింటికీ వెళ్ళే యువకులకు విడి పుస్తకం ఇచ్చి, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకానో రాయించుకుని, పండుగ వెళ్ళిన వారంలో వెనక్కి తీసుకోవాలి. ఆ పుస్తకాలే జనవరిలో దొరకవు.

ఉండకూడనిది ‘80జీ మినహాయింపు కలదు’ అన్న ముద్ర. ఇచ్చినవారికి పన్ను తగ్గించే 80జీ సెక్షన్ దాతృత్వ సంస్థలకు. ఒక మత వర్గం మేలు కోసమే ఉన్న సంస్థకు అది రాదు. 80జీ ఉన్న సంస్థ కూడా తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన ఖర్చు చేయకూడదు. చారిత్రక ప్రాధాన్యం ఉన్నవిగానో, రాష్ట్రమంతటా పేరున్న ఆరాధనా స్థలాలుగానో కేంద్రం నోటిఫై చేసిన కట్టడాల మరమ్మతుకు ఇచ్చేదానికే ప్రత్యేక వెసులుబాటు. మామూలు ఊరి మందిరానికి ఇవేవీ వర్తించవు. 12ఏబీ సర్టిఫికెట్టు చూపి ‘పన్ను తగ్గుతుంది సార్’ అని దాతకు చెబితే, రేపు నోటీసు అందుకునేది ఆ దాతే.

రెవెన్యూ స్టాంపు గురించి చాలామంది అడుగుతారు. 5,000 రూపాయలు దాటిన రసీదుకు రూపాయి స్టాంపు అన్న నియమం ప్రతిఫలం లేని చెల్లింపులకు వర్తించదు, కాబట్టి విరాళం రసీదుకు అక్కర్లేదు. పాస్టరు గారి జీతం వోచరు, తాపీ మేస్త్రి వోచరు 5,000 దాటితే మాత్రం అంటించాలి. సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తుంటారు.

కోత పండుగ వేలం

మందిరం ముందు కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, బియ్యం సంచులు, కాళ్ళకు తాడు కట్టిన కోళ్ళు. మైకు పట్టుకున్న పెద్దాయన అరటి గెల పైకెత్తి పాట మొదలెడతాడు. రెండొందల గెల మూడు వేలకు పోతుంది. డెల్టాలో చాలా సంఘాలకు ఏడాదికంతటికీ పెద్ద రాబడి ఈ ఒక్క పూటదే, లెక్క అన్నిటికంటే అధ్వాన్నంగా ఉండేదీ ఇక్కడే.

చట్టం చూపులో వేలం పాట కానుక కాదు, అమ్మకం. 1930 సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ ప్రకారం, పాట ముగిసిందని అలవాటు ప్రకారం ప్రకటించగానే అమ్మకం పూర్తవుతుంది. అంటే ‘మూడోసారి’ పడేదాకా పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు, పడ్డాక తీసుకోలేడు. ఆ డబ్బు ఇంక బాకీ. ‘ధాన్యం అమ్మాక ఇస్తా’ అన్నది వాయిదాయే గాని మాఫీ కాదు. అదే సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. అమ్మేవాళ్ళ తరఫున పాడే హక్కు మాకుందని ముందే ప్రకటించకుండా, ధర పెంచడానికి సంఘ పెద్దలే మధ్యలో పాడితే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని మోసం కింద లెక్కకట్టి కాదనవచ్చు. ఉత్సాహం కోసం పాడేవాళ్ళకు ఈ సంగతి పండుగకు ముందే చెప్పి ఉంచండి. పెద్దలు తమ కోసం కొనుక్కోదలిస్తే నిక్షేపంగా పాడవచ్చు, డబ్బు కట్టి సరుకు ఇంటికి తీసుకెళ్ళాలి.

వేలం దగ్గర ఒకరు మైకుకు, ఒకరు రాతకు, ఒకరు డబ్బుకు. రాత పట్టీలో వరుస నంబరు, వస్తువు, తెచ్చినవారు, పాడినవారు, మొత్తం, అక్కడికక్కడ ఇచ్చిందెంత, బాకీ ఎంత, సంతకం. సరుకు చేతికిచ్చే ముందే సంతకం పెట్టించుకోవాలి, కోడి ఇంటికెళ్ళాక సంతకం దొరకదు. అదే గెలను కొన్నవాడు తిరిగి ఇచ్చేసి మళ్ళీ వేలం వేయిస్తే కొత్త వరుస నంబరు రాయాలి. పాత వరుసను దిద్దితే రెండు పాటల్లో ఒకటి మాయమైనట్టు కనబడుతుంది.

ధాన్యంగా ఇచ్చేది వేలానికి పెట్టరు. బస్తా 75 కిలోలని అనుకుని రాసేయకుండా తూకం వేయించి కిలోల్లో రాయండి, తడి ధాన్యమైతే తడి అనీ రాయండి. మిల్లుకు వేసిన రోజు బిల్లు సంఘం పేరున తీసుకుని, డబ్బు సంఘం ఖాతాకే వేయించాలి. బియ్యం ప్రేమవిందుకు వాడితే సరుకు పుస్తకంలో ఎన్ని కిలోలు వాడారో రాస్తే చాలు.

లక్కీ డిప్ టికెట్లు మానేయండి. టికెట్టు అమ్మి చీటీ తీసి బహుమతి ఇవ్వడం లాటరీ, భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. ప్రార్థన నూనెతో ఫలానా రోగం పోతుందని ఫ్లెక్సీ వేయడం కూడా మానేయండి: 1954 నాటి మంత్రతంత్ర చికిత్సల ప్రకటనల చట్టం కొన్ని రోగాల విషయంలో అలాంటి ప్రకటనలను నిషేధిస్తుంది.

మాట ఇచ్చి ఇవ్వనివాళ్ళు

‘నేను మందిరానికి యాభై వేలు’ అని నిలబడి చెప్పినవాడు ఇవ్వకపోతే దావా వేయవచ్చా? 1872 ఒప్పందాల చట్టంలో ప్రతిఫలం లేని మాటకు బలం లేదు. దీని మీద పాత తీర్పులు రెండు పక్కపక్కన చదవాలి. 1886లో కలకత్తా హైకోర్టు, హౌరా టౌన్ హాలుకు వంద రూపాయలు రాసినవాడు ఇవ్వాల్సిందే అంది, ఎందుకంటే ఆ చందాలు నమ్ముకుని కమిటీ కాంట్రాక్టరుతో ఒప్పందం చేసేసింది. 1914లో అలహాబాద్ హైకోర్టు, మసీదు మరమ్మతుకు 500 ఇస్తానన్న మాట చెల్లదంది, ఎందుకంటే ఆ మాట నమ్మి అక్కడ ఎవరూ ఏ పనీ మొదలెట్టలేదు. కాబట్టి భవన నిధికి పెద్ద మొత్తం మాటిచ్చినవాళ్ళ చేత రాతపూర్వకంగా, ఏ పనికో చెప్పించి రాయించుకోండి. ఆ తర్వాతే మేస్త్రితో ఒప్పందం రాయండి. దశమభాగానికి ఇది అసలు వర్తించదు. అది విశ్వాసికీ దేవునికీ మధ్య ఉన్నది, కోర్టుకు సంబంధం లేదు.

బైలాస్‌లో నెల చందా పెట్టుకోవచ్చు, చందా కట్టినవారికే కమిటీ ఎన్నికలో ఓటు అని రాసుకోవచ్చు. ఒత్తిడికి మాత్రం హద్దుంది. బైబిల్లో దశమభాగం ఇమ్మని చెప్పే మలాకీ మూడో అధ్యాయం మీద ప్రసంగం చేయడం నేరం కాదు. కానీ ఒక మనిషిని పట్టుకుని ‘నువ్వివ్వకపోతే నేను శపిస్తాను, దేవుని ఉగ్రత నీ ఇంటి మీదికి తెస్తాను’ అని డబ్బు రాబట్టడం న్యాయ సంహిత 354వ సెక్షన్ కింద నేరం. ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ.

పెద్ద మొత్తాలు, భవన నిధి

ఒకరి నుంచి ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. ఒకే సందర్భానికి సంబంధించి విడతలుగా తీసుకున్నా అదే లెక్క. చెరువు రైతు మందిరం స్లాబుకని ఇవాళ లక్షన్నర, వచ్చే వారం లక్షన్నర తెచ్చిస్తే తప్పించుకున్నట్టు కాదు. ఈ నియమం పెట్టిన 269ఎస్‌టీ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే జరిమానా తీసుకున్నంత మొత్తమూ, అదీ తీసుకున్నవారికే. ఇచ్చినవారికి కాదు.

భవనం కోసమని ఇచ్చేది మూలనిధిగా నిలవాలంటే దాత రాతపూర్వకంగా ఆ మాట చెప్పాలి. రెండు వాక్యాల ఉత్తరం చాలు. మిగతా ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చేయాలన్నది సూత్రం. 15 శాతం ఉంచుకోవచ్చు, అంతకు మించి కూడబెట్టాలంటే ఉద్దేశం చెప్పి గడువులోపు ఫారం దాఖలు చేసి ఐదేళ్ళ దాకా ఆపుకోవచ్చు. ఆపిన డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చట్టమే చెబుతుంది: బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ సెక్యూరిటీలు వగైరా. చిట్టీ అందులో లేదు. ఊళ్ళో వందకు రెండు రూపాయల వడ్డీకి తిప్పడం అంతకంటే లేదు. సంఘం డబ్బు బయట తిరుగుతోందని తేలితే పన్ను మినహాయింపు పోవడమొకటి, ఆ అప్పు మునిగితే నమ్మకద్రోహం కేసు ఇంకొకటి: న్యాయ సంహిత 316, ఐదేళ్ళ దాకా జైలు.

ఖర్చు వైపు నియమం చిన్నది. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. శనివారం సాయంత్రం మేస్త్రి చేతికి 28,000 కూలి డబ్బు ఇచ్చేయడం ఇందుకే పనికిరాదు. బ్యాంకు ద్వారా వేయండి, లేదా మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పెట్టి ఒక్కో కూలీకి నేరుగా ఇచ్చి సంతకాలు తీసుకోండి.

కువైట్ నుంచి వచ్చేది, అమెరికా నుంచి వచ్చేది

కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గల్ఫ్ డబ్బు అందని మందిరం తక్కువ. ఇక్కడ చూడాల్సింది డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందని కాదు, ఇచ్చినవారు ఏ దేశ పౌరులని. కువైట్‌లో పనిచేసే అమ్మాయి భారతీయ పాస్‌పోర్టుతో ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆమె పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ, ‘నా సొంత సంపాదన’ అన్న ఉత్తరం ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి డాక్టరు గారు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా అంతే, భీమవరం వచ్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. క్రిస్మస్ ఆరాధనకొచ్చిన విదేశీ అతిథి సంచిలో వేసేదీ అంతే.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఇవేవీ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు తన ఉద్దేశాలకు ఖర్చు చేసి ఉండాలి. వచ్చాక కూడా డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. డబ్బు రాకపోయినా డిసెంబరు 31లోగా సున్నా రిటర్ను వేయాలి. 2020 సవరణ తర్వాత ఒక రిజిస్టర్డు సంస్థ ఇంకో సంస్థకు విదేశీ డబ్బు బదిలీ చేయడం నిషేధం. పట్నంలోని పెద్ద సంస్థ తెచ్చి పల్లె సంఘాలకు పంచే పాత పద్ధతి అక్కడితో ఆగిపోయింది. పాస్టరు గారి సొంత ఖాతాకు తెప్పించుకోవడం అడ్డదారి కూడా కాదు, నేరుగా నేరం. వ్యక్తులకూ ఈ చట్టం వర్తిస్తుంది, శిక్ష ఐదేళ్ళ దాకా ఉంది. యూట్యూబ్ లైవ్‌లో ఖాతా నంబరు వేసేవాళ్ళు ‘విదేశీ పౌరుల నుంచి కానుకలు స్వీకరించం’ అన్న వరుస కింద వేయండి.

భూమి ఇస్తామంటే

నోటి మాటతో, తెల్లకాగితంతో భూమి సంఘానిది కాదు. రిజిస్టరు చేసిన దాన దస్తావేజు, ఇద్దరు సాక్షులు, దాత బతికుండగానే సంఘం తీసుకున్నట్టు రాత. తీసుకునేది సంఘం పేరున, ‘పాస్టరు ఫలానావారు’ అని కాదు. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు పంచినది) అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం బదిలీని నిషేధిస్తుంది, దానం కూడా బదిలీయే. 2023 సవరణతో ఇరవై ఏళ్ళు దాటిన కొన్ని భూములకు వెసులుబాటు వచ్చింది, అది ఈ భూమికి వర్తిస్తుందో లేదో తహశీల్దారు కార్యాలయంలో తేల్చుకున్నాకే మందిరానికి కొలతలు వేయండి. వీలునామాతో ఇవ్వడానికి క్రైస్తవులకు ఒకప్పుడు భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్ అడ్డుండేది, 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఏడాది చివర

మినహాయింపుకు ముందు ఆదాయం పన్ను పడని పరిమితిని దాటితే ఆడిట్ తప్పదు. ఆడిట్ రిపోర్టుకు సెప్టెంబరు 30, రిటర్నుకు అక్టోబరు 31 అలవాటైన గడువులు. ఆ రోజుల్లో ఆడిటర్లు తీరిగ్గా ఉండరు, జూన్‌లోనే పుస్తకాలు ఇచ్చేయండి. క్యాష్ బుక్, లెడ్జరు, రసీదు పుస్తకాలు, లెక్కింపు చీటీలు, వేలం పట్టీలు, వోచర్లు, తీర్మానాల పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు. వీటిని సంబంధిత అసెస్‌మెంటు సంవత్సరం (ఆ లెక్కల ఏడాది తర్వాతి ఏడాది) ముగిశాక పదేళ్ళు దాచాలి. మన గాలిలో తేమకు కార్బన్ ప్రతులు నాలుగేళ్ళకే వెలిసిపోతాయి, లంక గ్రామాల్లో వరద నీరు కింది అరలోకి వస్తుంది. నెలకోసారి అన్నిటినీ ఫోనుతో స్కాన్ చేసి సంఘం మెయిల్లో పెట్టండి, అసలు పుస్తకాలు ఇనప బీరువా పై అరలో. తాళం చెవులు రెండు, ఇద్దరి దగ్గర.